ఓత్మార్ తాత ఒట్టి బలం

మా తాత ఓత్మార్ వెన్స్‌మన్ నిండు పాల క్యాన్లని చేతికొకటి చొప్పున పట్టుకుని, ఖాళీ చెంబుల్లా లారీలోకి ఎక్కించేవాడు. ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే చుట్టుపక్కల వాళ్ళు పశువుల డాక్టరు కంటే ముందు ఆయనకే కబురు పెట్టేవాళ్ళు. అంతటి మనిషి బలం ఎంతో మా ఊరి బార్‌లో, శుక్రవారం చేపల వేపుడు ధర కింద, నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉండేది. చుక్క పెట్టి మూడు సున్నాలు.

ఇది జరిగేనాటికి నేను పుట్టలేదు. అయినా ఆ బేస్‌బాల్ కథలో ప్రతి బంతీ నాకు తెలుసు. మా ఇంట్లో పిల్లలకి జపాలకన్నా ముందు ఈ సంగతే నేర్పుతారు. నేను బడిలో పదో తరగతితో ఆగిపోయాను, లెక్కలే నన్ను ఆపాయి. కానీ తాత సున్నా వెనకున్న లెక్క మాత్రం నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

బ్యాటు పట్టుకుని వెళ్ళినవాడు ఎన్నిసార్లకి ఎన్నిసార్లు గట్టిగా తగిలించి బేసు చేరాడు అన్నది ఒక లెక్క. ఆ దెబ్బలతో మొత్తం ఎన్ని బేసులు సంపాదించాడు అన్నది రెండో లెక్క. మైదానంలో నాలుగు మూలలా నాలుగు బేసులుంటాయి. మొదటి బేసు దగ్గర ఆగితే ఒకటి, రెండోదాకా పోతే రెండు, బంతిని కంచె దాటించి నాలుగు మూలలూ తిరిగి వస్తే నాలుగు. రెండో లెక్కలోంచి మొదటి లెక్క తీసేస్తే మిగిలేది ఒట్టి బలం. అంటే అదృష్టం, ఒడుపు, దేవుడి దయ అన్నీ పక్కన పెట్టగా మిగిలిన కండ. దీన్ని మా ఊరికి తెచ్చినవాడు ఎల్రాయ్. బడిలో లెక్కలు చెప్పేవాడు, మా జట్టులో రెండో బేసు కాసేవాడు. ఏదో పట్నం పత్రికలో చదివాట్ట. చదివినవాడు ఊరుకోవచ్చు కదా. పాత స్కోరు కాగితాలన్నీ బార్‌లో ముందేసుకుని, జట్టులో ఒక్కొక్కడి బలం తీసి బల్ల మీద రాశాడు.

తాత తగిలించడంలో జట్టుకే మొదటివాడు. మూడుసార్లు బ్యాటు పట్టుకుంటే ఒకసారి తగిలి తీరేది. కానీ ప్రతిసారీ మొదటి బేసు దగ్గరే ఆగిపోయేవాడు. రెండు లెక్కలూ ఒకటే. తీసేస్తే సున్నా.

"లెక్కకి మనుషుల మీద కోపం ఉండదు ఓత్మార్," అన్నాడు ఎల్రాయ్, సుద్ద చేతులు దులుపుకుంటూ.

"నాకుంది," అన్నాడు తాత.

బార్‌లో వాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి. "ఒరేయ్ ఓత్మార్, మొన్న మీ దూడ తాడు తెంచుకుని మైదానంలోకి వచ్చింది చూశావా? అది రెండో బేసుదాకా పోయిందిరా! దాన్ని జట్టులో పెట్టుకుంటే సరి."

"దానికి బీరు అక్కర్లేదు కూడా, ఖర్చు కలిసొస్తుంది," అన్నాడు ఇంకొకడు.

తాత నవ్వి గ్లాసు ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాడు. ఆయన నిజంగానే మెల్లగా పరిగెత్తేవాడు, అందులో అబద్ధం లేదు. బరువైన మనిషి. దానికి తోడు బ్యాటు వెనక గొంతుక్కూర్చుని బంతులు పట్టే పని. మోకాళ్ళు పాత తలుపుల్లా కిర్రుమనేవి. కానీ మొదటి బేసు దగ్గర ఆగిపోవడానికి కారణం మోకాళ్ళు కాదు. కారణం ఫాదర్ బోనిఫాస్.

పదిహేడేళ్ళ వెనక మాట అది. మా ఊరు సెయింట్ విల్లిబాల్డ్‌లో పూజ చెప్పేదీ, బాల్ జట్టుని నడిపేదీ ఒక్కరే, ఫాదర్ బోనిఫాస్. నల్ల అంగీ వేసుకుని ఆటగాళ్ళ బల్ల మీద ఆ చివర కూర్చుని, జపమాల తిప్పినట్టే చేతిలో బంతి తిప్పేవారు. తాత ఆ ఏడే జట్టులోకి వచ్చాడు, ఎక్కువ రోజులు బల్ల కాపలా కాశాడు. ఆఖరి ఆట పక్కూరు సెయింట్ గెరియన్‌తో. తాతని ఆటలోకి దించారు. దించగానే బంతిని బీన్సు చేలోకి కొట్టాడు. అప్పట్లో కంచె లేదు, బంతి ఎంత దూరం పోతే అంత దూరం పోవడమే. మొదటి బేసు దగ్గర ఆగమని ఫాదర్ గారు రెండు చేతులూ ఎత్తారు. తాత చూశాడు. చూసి కూడా ఆగలేదు. ఎందుకంటే సెయింట్ గెరియన్ వాళ్ళ కార్ల దగ్గర ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒక పిల్ల నిలబడి ఉంది. రెండో బేసు ఇంకా చాలా దూరం ఉండగానే బంతి వచ్చి ఆయనకోసం కాచుకుని కూర్చుంది. ఔట్. ఆట పోయింది, ఆ ఏడంతా పోయింది.

ఆ శనివారం తాత చర్చిలో ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనానికి వెళ్ళి, చెక్క జాలీ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, గర్వం వల్ల పాపం చేశానని చెప్పుకున్నాడు. ఫాదర్ బోనిఫాస్ అంతా విన్నారట. తర్వాత ప్రాయశ్చిత్తం వేశారు. మూడు మరియమ్మ జపాలు. "ఇంకా విను. ఇకమీదట నీ సొంత దెబ్బతో మొదటి బేసు దాటి వెళ్ళకు. దేవుడు నీకు చేతులిచ్చాడు. కాళ్ళు వేరేవాళ్ళకిచ్చాడు."

మరుసటి వసంతంలో ఫాదర్ బోనిఫాస్ కాలం చేశారు. ప్రాయశ్చిత్తానికి గడువు చెప్పకుండానే పోయారు. గడువు చెప్పలేదంటే తాత లెక్కలో చచ్చేదాకా అని అర్థం. జపాలు చెప్పుకోవడం అదే రోజు అయిపోయింది. రెండోది మాత్రం అవుతూనే ఉంది.

వేరేవాళ్ళ దెబ్బకి రెండో బేసుకీ మూడోదానికీ పోయేవాడు, దానికి అభ్యంతరం లేదు. తన దెబ్బకి మాత్రం పోడు. ఒకసారి బంతి బీన్సు చేలో ఎక్కడో మాయమైంది. సెయింట్ గెరియన్ వాళ్ళు ముగ్గురు వంగి వెతుకుతున్నారు. తాత మొదటి బేసు మీద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మొదటి బేసు కాసే వాళ్ళ కాపలావాడికే తల కొట్టేసినట్టయింది.

"పోవయ్యా మగడా, నాకే సిగ్గేస్తోంది," అన్నాడు వాడు.

"కాలు బాగోలేదు," అన్నాడు తాత.

అది అబద్ధం కదా. ఆ శనివారం వెళ్ళి ఆ అబద్ధాన్ని పాపసంకీర్తనంలో చెప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఫాదర్లందరికీ ఓత్మార్ వెన్స్‌మన్ అంటే వారం వారం కాలు గురించి అబద్ధమాడే మనిషిగానే తెలుసు. అసలు కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. పాపసంకీర్తనం రహస్యం కదా, ఫాదర్ నోరు విప్పకూడదంటే తనూ విప్పకూడదనే అనుకున్నాడు. వేసిన ప్రాయశ్చిత్తం తీసెయ్యమని ఇంకొకర్ని అడగడం దొంగతనంలా తోచింది. మా నానమ్మకి కూడా చెప్పలేదు. ఎలా చెబుతాడు, ఆకుపచ్చ టోపీ పిల్ల ఆవిడే.

నానమ్మ పేరు ఒట్టీలియా, అందరికీ టిల్లీ. ఎల్రాయ్ రాసిన సున్నా ఆవిడకి కంట్లో నలుసైంది. అప్పట్లో ఆ దారి పొడుగునా ఇళ్ళన్నిటికీ ఒకటే ఫోను తీగ. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు మెల్లగా ఎత్తి వినడం ఆచారం. సెయింట్ గెరియన్ నుంచి వాళ్ళక్క ఫోను చేసింది.

"ఏమే టిల్లీ, మీ ఆయన్ని ఆటకి పంపేటప్పుడు కాళ్ళు ఇంట్లోనే దాచుకుంటున్నావా ఏంటి?"

తీగ మీద ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వింది ఎవరో నాకు తెలుసు! నీ రబార్బ్ కాడల తీపి రొట్టె అడుగు మాడిందని ఊరంతా చెబుతా," అని నానమ్మ ఫోను పెట్టేసి, దొడ్లోకి వచ్చి తాత ముందు నిలబడింది.

"ఏమయ్యా ఓత్మార్. ఇదే ఆఖరి ఏడు అంటున్నావు. ఆట మానేసిన వాళ్ళ లెక్కలు బార్ గోడ మీద రంగుతో రాసేస్తాడట ఎల్రాయ్. సుద్ద కాదు, రంగు. మన పిల్లల పిల్లలు కూడా చూస్తారు. ఒక్కసారి రెండో బేసుకి పోలేవా? ఒక్కటంటే ఒక్కసారి?"

"చూద్దాంలే టిల్లీ."

"ఏం చూడటం? పదిహేడేళ్ళుగా మొదటి బేసునే చూస్తున్నావు. అది నీకు మరదలా?"

తాత తల వంచుకుని మేత వేశాడు. మాట తప్పితే పాపం. తప్పకపోతే సున్నా, అదీ రంగులో. అలా ఇరుక్కున్నాడు మనిషి.

తాత ఆఖరి ఏడు వసంతంలోనే ఊరివాళ్ళు మైదానానికి కంచె కట్టాలనుకున్నారు. కంచె అంటే తాత గుండెల్లో రాయి పడింది. కంచె లేనంతకాలం ఎంత కొట్టినా మొదటి బేసు దగ్గర ఆగొచ్చు, అడిగేవాడు లేడు. కంచె దాటిందంటే మాత్రం నాలుగూ తిరిగి రావలసిందే, లేకపోతే పరుగు లేదు. గుంతలు తవ్వడానికి ఊళ్ళో అందరికన్నా బలమైనవాడు ఎవరు? బలం సున్నా ఉన్నవాడే. పొద్దున్నే గునపం పట్టుకుని వెళ్ళి, ముగ్గు పోసిన చోట కాకుండా ఇంకా అవతలకి పోయి తవ్వడం మొదలుపెట్టాడు.

"అంత దూరం ఎందుకురా?" అన్నారు.

"మన బంతి విసిరేవాడికి మంచిది," అన్నాడు. ఇది కూడా శనివారం లెక్కలోకి పోయింది. ఇంకా దూరం జరపబోతే బీన్సు రైతు వచ్చి తన చేలో కాళ్ళు పాతుకుని నిలబడ్డాడు. అక్కడితో ఆగింది కంచె. ఇక ఆ వేసవంతా తాత బంతిని నేలబారుగా కొట్టాడు. పైకి లేస్తుందేమోనని భయపడి కొట్టే మనిషిని ఈ ఆటలో మీరెక్కడా చూసి ఉండరు.

ఆ ఏడు ఊరికి ఇంకో కొత్త వస్తువు వచ్చింది. ఫాదర్ లియాండర్. కుర్రాడు, గిటారు వాయించేవాడు. పూజలో కూడా వాయించాడు. ముసలమ్మలు మొదటి ఆదివారమే జపమాలలు గట్టిగా గలగలలాడించి నిరసన తెలిపారు. తాత మాత్రం, బోనిఫాస్ ఫాదర్ గారి మాట మీద ఈ పిల్లాడికేం అధికారం ఉంటుందనే అనుకున్నాడు. శనివారం వెళ్ళి, కాలు గురించి అబద్ధం చెప్పానని ఒప్పుకుని, వచ్చేసేవాడు.

ఆగస్టులో ఆఖరి ఆట, మళ్ళీ సెయింట్ గెరియన్‌తోనే. గెలిచినవాళ్ళు రాష్ట్రం పోటీలకి పోతారు. మైదానం చుట్టూ కార్లు నిలిపి, బానెట్ల మీద కూర్చుని చూస్తున్నారు జనం. బాగా ఆడితే చప్పట్లు కాదు మా దగ్గర, హారన్లు. ఫాదర్ లియాండర్ తన కారు మీద కూర్చుని సాసేజ్ తింటున్నాడు. నానమ్మ తీపి రొట్టె ముక్కలు అమ్ముతోంది, అమ్ముతూ వాళ్ళక్క వైపు చూడకుండా ఉండటానికి శ్రమపడుతోంది.

చివరి వంతు. రెండు జట్లూ సమానం, ఒక్క పరుగు వస్తే ఆట మాదే. మావాళ్ళు ఇద్దరు ఔట్, మూడోవాడు పోతే వంతు అయిపోతుంది. బేసుల మీద ఎవరూ లేరు. తాత వచ్చాడు.

ఎప్పటిలాగే నేలబారుగా కొడదామనే ఊపాడు. బంతి అనుకున్నదానికన్నా కాస్త కిందకి వచ్చింది. బ్యాటు దాని అడుగున తగిలింది. ఆ చప్పుడు విని నానమ్మ రొట్టె కత్తి కింద పెట్టేసింది. బంతి లేచింది. లేచి, ఇంకా లేచి, దీపస్తంభం కన్నా పైకి పోయింది. జనం అంతా 'పో, పో' అని అరుస్తున్నారు. తాత మొదటి బేసు వైపు నడుస్తూ 'దిగు, దిగు' అని మరియమ్మని వేడుకుంటున్నాడు. మరియమ్మ ఆరోజు జనం మాటే విన్నది. బంతి కంచె దాటి బీన్సు చేలో పడింది.

హారన్లు మోగాయి. కుక్కలు అరిచాయి. ఎల్రాయ్ టోపీ గాల్లోకి విసిరాడు. తాత మొదటి బేసు చేరుకుని, దాని మీద రెండు కాళ్ళూ పెట్టి, నిలబడిపోయాడు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. హారన్లు ఒక్కొక్కటిగా తగ్గాయి. అంపైర్ నడుచుకుంటూ వచ్చాడు. ఆయన అవతలి జిల్లావాడు, నార్వే వాళ్ళ లూథరన్, మా చర్చివాడు కాదు.

"ఏమయ్యా, నడు. బంతి అవతల పడింది."

"చూశాను."

"మరి?"

"నాకిక్కడ బాగానే ఉంది."

"బాగుండటమేంటి! నాలుగూ తొక్కితేనే పరుగు. ఇక్కడే నిలబడతానంటే ఔట్ ఇచ్చేస్తా."

"ఇచ్చేయండి సార్," అన్నాడు సెయింట్ గెరియన్ కాపలావాడు. "ఆయనే వద్దంటుంటే మీకెందుకు మొహమాటం?"

బల్ల దగ్గర్నుంచి ఎల్రాయ్ గొంతు చించుకున్నాడు. "ఓత్మార్! నాలుగు బేసులు! సున్నా పోతుంది! కదలవయ్యా బాబూ, కదులు!"

కార్ల మధ్యలోంచి నానమ్మ గొంతు వచ్చింది. "ఓత్మార్ వెన్స్‌మన్! కాళ్ళు పట్టేశాయా, బుర్ర పట్టేసిందా?"

తాత తన ఒక్కడి కోసమైతే ఔటయ్యేవాడే. కానీ జట్టంతా బల్ల మీంచి లేచి నిలబడి ఆయన వంకే చూస్తోంది. వాళ్ళకి ఆయన పాపంతో ఏం పని? తాత అంపైర్ చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు.

"ఫాదర్‌ని పిలిపించండి."

అంపైర్ మొహం పాలిపోయింది. పాపం, ఆయనకి మా సంగతులు తెలియవు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి మైదానమంతా వినబడేలా అరిచాడు. "ఇక్కడ ఫాదర్ ఉన్నారా? ఈయనకి ఫాదర్ కావాలట!"

మా ఊళ్ళో మగవాడు మైదానం మధ్యలో నిలబడి ఫాదర్ కావాలన్నాడంటే దానికి ఒకటే అర్థం. టోపీలన్నీ ఒక్కసారిగా తలల మీంచి దిగాయి. ఆడవాళ్ళు కార్ల మధ్య కంకర మీదే మోకరించి జపమాల అందుకున్నారు. "ఇందాక బంతి కొట్టినప్పుడే గుండె తెగిపోయి ఉంటుంది," అంది ఒకావిడ. నానమ్మ రొట్టె పళ్ళెం ఎక్కడ పడేసిందో ఆవిడకే తెలియదు, పరిగెత్తుకొచ్చింది. ఫాదర్ లియాండర్ కారు అరలోంచి చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి పూసే అభ్యంగన తైలం సీసా తీసుకుని ఆవిడకన్నా ముందు పరిగెత్తాడు. గడ్డానికి అంటిన సాసేజ్ ఆవాల ముద్ద అలాగే ఉంది.

"ముందు ఫాదర్ గారిని చూడనివ్వమ్మా," అని అంపైర్ నానమ్మని ఆపాడు. సెయింట్ గెరియన్ కాపలావాడు టోపీ తీసి దూరంగా జరిగాడు.

"ఎక్కడ నొప్పి ఓత్మార్ గారూ? గుండెలోనా? కూర్చోండి," అన్నాడు ఫాదర్ ఆయాసపడుతూ.

"నొప్పేం లేదు ఫాదర్. పాపసంకీర్తనం."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. అంపైర్ ఔట్ ఇచ్చేస్తానంటున్నాడు."

తాత తలవంచుకుని అంతా చెప్పాడు. ఆకుపచ్చ టోపీ నుంచి అబద్ధం కాలు దాకా. ఫాదర్ లియాండర్ సీసా మూత బిగిస్తూ, విప్పుతూ, బిగిస్తూ విన్నాడు.

"పదిహేడేళ్ళా?"

"అవును ఫాదర్."

"ఇన్నాళ్ళూ నన్నొక్కసారి అడగచ్చు కదా?"

"తమరు గిటారు వాయిస్తారు కదా ఫాదర్."

ఫాదర్ కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టాడు. బోనిఫాస్ ఫాదర్ గారు అది తమాషాకి అన్నారేమో అని చెప్పబోయాడు. చెప్పలేకపోయాడు. ఒక తమాషా కోసం మనిషి పదిహేడేళ్ళు ఒక బేసు మీద నిలబడ్డాడని ఎలా చెబుతాడు? ఒక్క క్షణం ఆలోచించి అన్నాడు.

"ఓత్మార్ గారూ, ఒక ఫాదర్ వేసిన ప్రాయశ్చిత్తం ఇంకో ఫాదర్ మార్చవచ్చు. గిటారు ఉన్నా సరే. పాతది మీరు పూర్తిగా చేశారు. ఇక్కడితో అయిపోయింది. ఇప్పుడు నేను వేస్తున్నా. మూడు మరియమ్మ జపాలు. ఇంకా, రహస్యం నాకే గానీ మీకు కాదు. ఆ రోజు ఎవరు చూడాలని పరిగెత్తారో ఆవిడకి సాయంత్రంలోగా మీ నోటితో చెప్పండి."

తాత మొహం వాడిపోయింది. "టిల్లీకా? దానికన్నా పాతదే నయం ఫాదర్."

"అంపైర్ చూస్తున్నాడు ఓత్మార్ గారూ."

తాత తల వంచాడు. ఫాదర్ చెయ్యెత్తి ఆయన మీద సిలువ గుర్తు వేశాడు. ఆ చెయ్యి లేవడం చూసి కార్ల దగ్గర ఆడవాళ్ళు గొల్లుమన్నారు. అంతా అయిపోయిందనుకున్నారు. ఆ ఏడుపు గాల్లో ఉండగానే, చచ్చిపోతున్న మనిషి సిలువ వేసుకుని, ప్యాంటు పైకి లాక్కుని, రెండో బేసు వైపు పరుగందుకున్నాడు.

పరుగంటే పరుగు కాదు. గాబు నిండా నీళ్ళు మోసుకెళ్తున్నట్టు వెళ్ళాడు. రెండో బేసు దగ్గర ఆగి, దాన్ని ఒకసారి చూసి, కొత్త కోడలు గడప తొక్కినట్టు కుడికాలు పెట్టాడు. మూడోది తొక్కాడు. చివరి మూలకి వచ్చేసరికి జట్టంతా అక్కడే ఉంది. ఒక ముసలమ్మ లేచి, "లేపారు! ఫాదర్ గారు లేపారు!" అని అరిచింది. హారన్లు ఎంతసేపు మోగాయంటే బీన్సు రైతు ఎడ్లు కట్లు తెంచుకున్నాయి.

ఆ తర్వాతి ఆదివారం నుంచి పూజలో గిటారు మోగితే ఎవరూ జపమాలలు గలగలలాడించలేదు. చనిపోయినవాణ్ణి లేపినాయన ఏది వాయిస్తే మాత్రం ఏం? ఫాదర్ లియాండర్ అది అలా కాదని చెప్పాలని ఎంతో చూశాడు. ఏం జరిగిందో చెబితే పాపసంకీర్తనం బయటపెట్టినట్టవుతుంది. నోరు మూసుకుని ఆ కీర్తి మొయ్యవలసి వచ్చింది ఆయనకి.

ఎల్రాయ్ అక్కడికక్కడే స్కోరు కాగితం వెనక లెక్క కట్టాడు. "ఓత్మార్! సున్నా పోయింది! చుక్క సున్నా సున్నా రెండు!"

"నాలుగు మూలలూ తిరిగితే రెండేనా?"

"నాలుగులో ఒకటి ఎలాగూ తగిలించిన లెక్కలోకి పోతుంది. పైన మిగిలింది మూడు. ఆ మూడుని ఇన్నేళ్ళలో నువ్వు బ్యాటు పట్టుకున్న సార్లన్నిటికీ పంచితే అంతే వస్తుంది."

"అన్నిటికీ పంచకపోతేనేం," అన్నాడు తాత. కానీ నవ్వుతున్నాడు. ఆ సున్నా సున్నా రెండు ఇప్పటికీ గోడ మీద ఉంది, తెల్ల రంగులో. మా చిన్నప్పుడు మాకు ఎక్కాలకన్నా ముందు వచ్చిన అంకె అది.

ఊరంతా బార్‌కి పోయింది. తాత పోలేదు. ఆవులు ఆట గెలిచారని ఆగవు కదా. పాకలో పాలు పిండే వేళయింది. నానమ్మ బకెట్లు కడిగి తెచ్చింది, తాత మిషన్ తగిలించాడు. ఆవిడ ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. మూడో ఆవు దగ్గరికి వచ్చాక, దాని పొట్టకి తల ఆనించి, ఆవుతో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. ఫాదర్ బోనిఫాస్, జాలీ, మూడు జపాలు, నీ సొంత దెబ్బతో దాటకు.

"ఎవరికోసం పరిగెత్తావు?" అంది నానమ్మ, ఆవుకి అవతల పక్కనుంచి.

"ఆకుపచ్చ టోపీ."

"ఏ ఆకుపచ్చ టోపీ?"

"నీదే. ఆ రోజు పెట్టుకున్నావు. నువ్వు చూస్తున్నావని..."

నానమ్మ చేతిలో బకెట్ కింద పెట్టింది.

"నేను చూడలేదయ్యా."

"ఏంటి?"

"నువ్వు పరిగెత్తడం నేను చూడలేదు. సాసేజ్ కోసం వరసలో ఉన్నా. అరుపులు వినిపించి తిరిగి చూసేసరికి మీవాళ్ళంతా ఎవణ్ణో తిడుతున్నారు. నువ్వే అది."

తాత తల ఎత్తాడు. "మరి ఆ సాయంత్రం డాన్సులో నువ్వే వచ్చి పిలిచావు కదా నన్ను?"

"ఎందుకు పిలవను? మీ ఊరివాడొక్కడూ నీతో మాట్లాడలేదు. బీరు పీపా పక్కన ఒక్కడివే నిలబడి ఉన్నావు, వానలో తడిసిన దూడలా. చూస్తే జాలేసింది."

"అయితే నేను ఔటవకపోయి ఉంటే?"

"ఔటవకపోయి ఉంటే మీ ఊరి పిల్లలంతా నీ చుట్టూ మూగి ఉండేవాళ్ళు. నేను మా ఊరివాడెవడితోనో రెండు పాటలు ఆడి, మా నాన్న కారెక్కి ఇంటికి పోయేదాన్ని."

తాత అలాగే కూర్చుండిపోయాడు. ఆ పాపం గురించి ఆయన పదిహేడేళ్ళుగా దేవుడికి క్షమాపణ చెబుతున్నాడు. భుజాలు కదలడం మొదలై, నవ్వు బయటికి వచ్చేసరికి ఆవు ఉలిక్కిపడి పక్కకి జరిగింది.

"నవ్వు చాల్లే, దాన్ని బెదరగొట్టకు," అంది నానమ్మ. "ఫాదర్ ఇంకా ఏం చెయ్యమన్నాడు?"

"మూడు మరియమ్మ జపాలు."

"చెప్పేశావా?"

"ఇంకా లేదు."

"అయితే కానియ్. నేను ముందు సగం అంటా, నువ్వు వెనక సగం అను."

ఆవిడ మొదలుపెట్టింది. ఆయన అందుకున్నాడు. మిషన్ ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి మారుస్తూ, మధ్యలో తోక తగిలితే "ఛీ, జరుగు" అనుకుంటూ, మూడో జపం పూర్తిచేసేసరికి ఆఖరి ఆవు పాలు కూడా అయిపోయాయి.